ఎనిమిది వేల మైళ్ళ బండి, యాభై మూడు వేల మైళ్ళ బండి

చోడవరంలో బస్సులు ఆగే చోటికి నాలుగడుగుల దూరంలో యెహోషువ షెడ్డు ఉండేది. షెడ్డంటే గోడలేమీ లేవు. నాలుగు రాటల మీద తాటాకు పందిరి, పనిముట్లు పెట్టుకునే ఒక చెక్కపెట్టె, లారీల కిందికి దిగి చూడడానికి తనే తవ్వుకున్న గొయ్యి. అంతే. యుద్ధం రోజుల్లో మిలటరీ వర్క్‌షాపులో పని నేర్చుకుని, యుద్ధం అయిపోయాక వాళ్ళిచ్చిన ఖాకీ నిక్కర్లు రెండూ చిరిగిపోయేదాకా వేసుకుని, తర్వాత లుంగీలోకి మారాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అలా ఉన్నంతసేపూ ఎవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపేవాడు. బస్సు ఓనర్లయినా సరే.

ఆ చెవి మీద ఊరికి నమ్మకం. కాని యెహోషువకి మాత్రం పెదబాబు లారీ సంగతి మనసులో ఉండిపోయింది. 1954లో పెదబాబు ఒక పాత లారీ కొంటానంటే, తిరిగిన మైళ్ళు మీటరు తక్కువ చూపిస్తోంది కదా అని యెహోషువ సరేనన్నాడు. మూడో వారం దేవరాపల్లి దారిలో ఇంజను లోపల రాడ్డు విరిగి, పక్కగోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. పెదబాబు ఒక్క మాట అనలేదు. అనకపోవడంతో యెహోషువకి మరీ కష్టమైంది. ఆ ఇంజను మొత్తం విప్పి, కూలి తీసుకోకుండా బాగుచేసి ఇచ్చాడు. ఆనాటి నుంచి మీటరు మాటెత్తితే, "అది గోడ గడియారం లాటిది బాబూ. ఆగిపోయినా టైము సూపిస్తాది" అనేవాడు.

అలాంటి యెహోషువ దగ్గరికి 1956లో, బెల్లం వంటలు సగం అయ్యాక, ఒక పొద్దున్న బంగార్రాజు గారు వచ్చారు.

బంగార్రాజు గారిది చోడవరానికి రెండు మైళ్ళ దూరంలో పల్లె. చెరకు రైతు. వయసు యాభై ఎనిమిది. మనిషి భారీగా ఉండేవారు, నవ్వితే పొట్ట ముందు నవ్వేది. వయసులో ఉన్నప్పుడు గుర్రం ఉండేది ఆయనకి. చోడవరం నుంచి మాడుగుల దాకా ఎవరి బండినీ ముందు పోనిచ్చేవారు కాదట. ఆ గుర్రం పోయాక ఇంకోటి కొనలేదు. పదేళ్ళుగా ఎద్దుబండీ, బస్సూ. కిందటి నెల అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గర నిలబడి ఉంటే, టాపు లేని చిన్న ఎర్రకారు ఒకటి లారీల మధ్యలోంచి చేపపిల్లలా జారిపోయింది. ఆయన దుమ్ములో నిలబడి, అది కనపడకుండా పోయేదాకా చూశారు. ఇంటికొచ్చి భోజనం సరిగా చెయ్యలేదు.

"ఒరే యెహోషువా, విశాపట్నంలో అలాటి బళ్ళు రెండు అమ్మకానికున్నాయట్రా. రెండూ పాతవే. ఒకటి ఎనిమిది వేల మైళ్ళే తిరిగింది. రెండోది యాభై మూడు వేలు. సూసి సెప్పాల."

"పెద్ద కారు కొనుక్కోండి బాబూ. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పదిమంది ఎక్కుతారు."

"పదిమందిని ఎక్కించుకోడానికి బస్సుంది కదరా. నాకు గాలి కావాల."

యెహోషువ ఇంక వాదించలేదు. మిలటరీలో ఉండగా ఒక ఆఫీసరు దొర దగ్గర అలాంటి బండి ఉండేది. దాన్ని కడిగాడు, తుడిచాడు, చక్రాలు విప్పి బిగించాడు. ఒక్కసారి కూడా నడపలేదు. ఆ సంగతి బంగార్రాజు గారికి చెప్పలేదు గాని, మర్నాటికే రెంచీలు గోనెసంచిలో సర్దుకున్నాడు. "మీటరు సూసి మోసపోకు" అంది అతని భార్య వరమ్మ, సంచిలో చద్దిమూట పెడుతూ. "నేనా?" అన్నాడు యెహోషువ.

బస్సెక్కే వేళకి బంగార్రాజు గారి పక్కన ఆయన భార్య మంగాయమ్మ కూడా ఉంది. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. సింహాచలం దర్శనం చేసుకోవాలని బయల్దేరానంది. సబ్బవరం దాటేసరికి అసలు మాట చెప్పింది.

"గుర్రం కొన్నప్పుడు నన్నడగలేదు. అది నన్ను రెండుసార్లు కరిసింది. ఈసారి నేనూ సూస్తాను."

మొదటి బండి వాల్తేరు అప్‌లాండ్స్‌లో, సముద్రం కనిపించే ఒక పెద్ద బంగళాలో ఉంది. ఓనరు కొడుకు ముచ్చటపడి కొని, ఏడాది తిరిగి, కలకత్తా ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఏడేళ్ళుగా బండి షెడ్డులోనే ఉంది. బంగళా చూసుకునే దాసు అనే పెద్దాయన దాని మీది దుప్పటి తీశాడు.

ముగ్గురూ బండి చుట్టూ చేరారు.

ఎర్రటి ఎరుపు. సైకిలు చక్రాల్లా పుల్లలున్న చక్రాలు. ముందు రెండు పెద్ద దీపాలు తళతళలాడుతున్నాయి. బోనెట్టు సన్నగా పొడుగ్గా ఉంది. తోలు సీట్ల మీద గీత పడలేదు. బంగార్రాజు గారు తలుపు తీసుకుని లోపలికి దిగారు. దిగడమంటే, కూర్చోడమూ కాదు, పడుకోడమూ కాదు. పొట్ట స్టీరింగుకి తగిలింది. వంగి మీటరు చూశారు.

"ఎనిమిది వేల నూటపద్నాలుగు! కొత్తదేరా ఇది."

యెహోషువ తల ఊపలేదు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె చుక్కలు వేశాడు. పాత పెట్రోలంతా కార్చేసి తెచ్చుకున్న పెట్రోలు పోశాడు. బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి దాసు చేత పక్క బంగళా నుంచి ఒకటి తెప్పించి తగిలించి, హాండిలు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. నాలుగు సిలిండర్లూ ఒక్కలాగే ఎదురుతన్నాయి. ఇంకోసారి గట్టిగా తిప్పేసరికి బండి దగ్గింది, పొగ వదిలింది, పట్టుకుంది. పావుగంట అయ్యాక పొగ కూడా పోయింది. స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. గడగడ లేదు, టకటక లేదు. నూనెలో తడిసి తిరుగుతున్న ఇనుము చప్పుడు. ఇన్నేళ్ళలో బస్సులూ లారీలూ తప్ప ఇంకేమీ వినని చెవికి అది పాటలాగే అనిపించింది.

కళ్ళు తెరిచేసరికి బంగార్రాజు గారు తనవైపే చూస్తున్నారు.

"టైర్లు మార్చాల. రబ్బరు పైపులు మార్చాల. బ్రేకులు విప్పి సూడాల. ఇంజను మాత్రం..." అని ఆగాడు యెహోషువ. "ఇంజను మాత్రం అద్భుతంగా ఉన్నాది బాబూ."

"మీటరు మాట నిజమే కదరా?"

"నిజమే."

బంగార్రాజు గారు స్టీరింగు పట్టుకుని చిన్నపిల్లాడిలా కదిపారు. ఇంక బేరం ఒక్కటే మిగిలింది. అప్పుడు మంగాయమ్మ తలుపు వేయబోయింది. తలుపు పడలేదు. కొంచెం ఎత్తి నెడితే గాని గడియ అందలేదు. ఆమె ఇంకోసారి తీసి, వేసి, తలుపు పక్కనున్న స్తంభం మీద వేలి కణుపుతో కొట్టింది. కొంచెం కింద కొట్టింది. మళ్ళీ పైన కొట్టింది.

"ఏటండీ, ఇది మన పాత బీరువా లాగున్నాది" అంది.

"ఏ బీరువా?"

"చెద పట్టింది. పైకి రంగు బాగానే ఉండేది కదా. చీరలు తీద్దామని తలుపు లాగితే తలుపే చేతికొచ్చింది."

"కారులో చెద ఏటే, అది ఇనుము" అని నవ్వారు బంగార్రాజు గారు.

యెహోషువ నవ్వలేదు. ఆ బళ్ళకి పైన రేకే గాని, రేకు లోపల తలుపుల్నీ వెనకభాగాన్నీ నిలబెట్టేది చెక్క చట్రం. ఆ సంగతి అతనికి తెలుసు. మిలటరీలో ఆ దొర బండి తలుపు బిగించింది తనే. తెలిసి కూడా చూడలేదు. గోనె పరుచుకుని బండి కింద దూరాడు. స్క్రూడ్రైవరు కొనతో అడుగు చెక్కని పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది. లాగితే మట్టీ, చెక్కపొట్టూ మొహమ్మీద రాలాయి. ఇంకోచోట పొడిచాడు. అక్కడా అంతే. సముద్రపు గాలికి ఇనుప చట్రం మీద తుప్పు పొరలు పొరలుగా లేచిపోతోంది.

కింద నుంచి బయటికొచ్చేసరికి అతని జుట్టు నిండా చెదమట్టి. దాసు నిజంగానే కంగారుపడ్డాడు. "రోజూ పైన తుడుస్తన్నాను బాబూ, కింద సూడాలని ఎవరూ సెప్పలేదు" అన్నాడు. అతని తప్పేమీ లేదు.

"బాబూ" అన్నాడు యెహోషువ, "నేను ఇంజను విని కళ్ళు మూసుకున్నాను. అమ్మగారు సూడకపోతే ఈ బండి సబ్బవరం గోతుల్లో మిమ్మల్ని సీటుతో సహా రోడ్డు మీద దింపేసును."

బంగార్రాజు గారు దిగారు. దిగడానికి కూడా చాలాసేపు పట్టింది. బోనెట్టు మీద ఒకసారి చెయ్యి వేసి, "ఏడేళ్ళు కట్టేసి ఉంచితే గుర్రమైనా ఇలాగే అవుతాది" అన్నారు. ఇంకేమీ మాట్లాడలేదు. యెహోషువకి ఆ మౌనం తెలుసు. లారీ ఇంజను పగిలిన రోజున పెదబాబు ముఖంలో చూశాడు.

రెండో బండి రైల్వే క్వార్టర్సులో ఉంది. ఓనరు రిటైరైన ఆంగ్లో ఇండియన్ గార్డు. అందరూ గార్డు దొర అనేవారు. భార్య చనిపోయింది. ఆస్ట్రేలియాలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చే నెల ఓడ ఎక్కుతున్నాడు. ముప్పైయేళ్ళు ఉత్తరాంధ్ర రైళ్ళల్లో తిరిగాడేమో, ఆయన తెలుగు అచ్చం స్టేషన్లో తెలుగులా ఉండేది.

"ముందే సెప్తన్నాను. యాభై మూడు వేలు తిరిగింది. సెకండ్ గేరు వేస్తే నిలవదు, ఎగిరి బయటికొచ్చేస్తాది. అది పట్టుకోవాల. మిగతాది మీరే సూసుకోండి" అన్నాడు.

బండి ఆకుపచ్చ. ఎండకి వెలిసి చింతాకు రంగులో పడింది. ఒకవైపు మడ్డుగార్డు మీద సొట్ట. సీటు తోలు రెండుచోట్ల కుట్టించారు. బంగార్రాజు గారు దూరం నుంచే చూశారు, దగ్గరికి రాలేదు. "యాభై మూడు వేలు" అని గొణిగారు. "ఊళ్ళోవాళ్ళు మీటరు సూస్తే ఏటంటారు?"

ఈసారి యెహోషువ ఇంజను దగ్గరికి పోలేదు. ముందు బండి కిందికి దూరాడు. స్క్రూడ్రైవరుతో ప్రతి చెక్కనీ పొడిచాడు. చెక్క గట్టిగా ఎదురు తిరిగింది. ఏటా వానలకి ముందు అడుగంతా తారూ, వాడేసిన ఇంజనాయిలూ పూసేవాడినని గార్డు దొర చెప్పాడు. చట్రం నల్లగా నిగనిగలాడుతోంది. తర్వాత చక్రాలు పట్టి ఊపాడు. స్టీరింగు ఎంత తిప్పితే చక్రం కదులుతోందో చూశాడు. అప్పుడు బోనెట్టు తీశాడు. హాండిలు ఒక్క తిప్పుకే స్టార్టయింది. శబ్దం ఆ ఎర్రబండి పాటలా లేదు. ఒక వాల్వు టిక్కుటిక్కుమంటోంది. కాని నూనె పలచబడలేదు, పొగ నీలంగా లేదు. నలభై వేల దగ్గర పిస్టన్ రింగులు మార్చారు. ఆ తేదీ, ఆయిలు మార్చిన ప్రతి తేదీ, గార్డు దొర రైలు టైముటేబుల్ రాసినంత జాగ్రత్తగా ఒక నల్లపుస్తకంలో రాసుకున్నాడు.

ఈలోగా మంగాయమ్మ బండి చుట్టూ తిరుగుతూ ఎక్కడ వీలైతే అక్కడ కణుపుతో కొడుతోంది. గార్డు దొర వింతగా చూశాడు గాని అడగలేదు.

యెహోషువ చేతులు తుడుచుకున్నాడు. లోపల భయంగానే ఉంది. ఇందాకటి బండి బాగుందన్న నోటితోనే ఇప్పుడు ఇది బాగుందనాలి. ఇది కూడా తప్పయితే చోడవరంలో తన షెడ్డుకి ఎవరూ రారు.

"ఇదే తీసుకోండి బాబూ."

"యాభై మూడు వేలురా!"

"ఆ మైళ్ళన్నీ ఈ దొర ఒక్కడే తిరిగేడు. బండికి ఏది నొప్పో ఆయనకి తెలుసు, సెప్పేడు కూడా. ఆ గేరు నేను బాగుసేస్తాను. చెద తిన్న చెక్కని నేను బాగుసెయ్యలేను."

బంగార్రాజు గారు ఇంకా ఊగిసలాడుతున్నారు. మంగాయమ్మ భర్త దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏటండీ, మీకెన్నేళ్ళు?"

"ఎందుకే ఇప్పుడు?"

"యాభై ఎనిమిది. పొద్దున్నే చెరకు తోటకి నడిసెళ్ళి వస్తన్నారు, పనసకాయ ఒక్కరే కోసేస్తన్నారు. మీ మీటరు సూసి ఎవరైనా మిమ్మల్ని షెడ్డులో పెడితే ఊరుకుంటారేటి?"

గార్డు దొర పగలబడి నవ్వాడు. బంగార్రాజు గారి పొట్ట మొదట కదిలింది, తర్వాత ఆయన నవ్వారు. బేరం అక్కడే కుదిరిపోయింది. తాళంచెవి ఇచ్చేటప్పుడు మాత్రం గార్డు దొర ఒక నిమిషం బండి మీద చెయ్యి తియ్యలేదు. నల్లపుస్తకం యెహోషువ చేతిలో పెట్టి, "రాస్తావా?" అన్నాడు. "రాస్తాను దొరా" అన్నాడు యెహోషువ.

రోడ్డు మీదికి వచ్చాక గాని ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. మనుషులు ముగ్గురు, సీట్లు రెండు. బండి నడపడం వచ్చింది యెహోషువ ఒక్కడికే.

"నువ్వు బస్సులో వచ్చెయ్యే" అన్నారు బంగార్రాజు గారు.

"బస్సులో నా నడుం ఇరిగిపోయింది. ఇంక ఎక్కను" అని మంగాయమ్మ అప్పటికే సీటులో కూర్చుని, కొంగు తలమీదుగా లాక్కుని గట్టిగా ముడేసుకుంది. బంగార్రాజు గారు యెహోషువ వైపు చూశారు. యెహోషువ దీపాల వైపు చూశాడు. చివరికి ఆయన రెంచీల సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం వెళ్ళారు.

ఊరు దాటి ఎత్తు వచ్చేసరికి యెహోషువ సెకండ్ గేరు వేశాడు. గేరు టకీమని ఎగిరి బయటికొచ్చింది. ఇంజను గోలపెట్టింది. గతుకుల రోడ్డులో రెండు చేతులూ స్టీరింగుకే కావాలి. రెండుసార్లు అలాగే అయ్యాక మంగాయమ్మే అడిగింది.

"ఆ కర్రని ఎవరైనా పట్టుకుంటే సాలా?"

"సాలు అమ్మగారూ, కాని మీరు..."

"పట్టుకుంటాను. ఎప్పుడో సెప్పు."

అక్కడి నుంచి ఎత్తు వచ్చినప్పుడల్లా యెహోషువ "అమ్మగారూ, పట్టండి!" అనేవాడు. ఆమె రెండు చేతులతో కవ్వం పట్టినట్టు పట్టేది. "వదిలెయ్యండి!" అంటే వదిలేది. పది మైళ్ళు పోయేసరికి అతను చెప్పనక్కర్లేకపోయింది. ఇంజను చప్పుడు మారితే ఆమె చెయ్యి తనంతటదే పోయేది. గాలి మొహానికి కొడుతోంది. పొలాల్లో చెరకు కొట్టేవాళ్ళు కత్తులు ఆపి చూస్తున్నారు. యెహోషువకి మిలటరీలో తను తుడిచిన బండి గుర్తొచ్చింది. తుడవడానికీ నడపడానికీ ఇంత తేడా ఉంటుందనుకోలేదు. రెండుసార్లు అవసరం లేకపోయినా హారను కొట్టాడు.

సబ్బవరం దాటాక ముందు బస్సు కనిపించింది. దానికి ముందు బెల్లం బళ్ళు వరసగా పోతున్నాయి, అందుకని నెమ్మదిగా వెళ్తోంది. యెహోషువ పక్కకి తీశాడు. మంగాయమ్మ గేరు పట్టింది. బస్సు పక్కనుంచి వెళ్తుంటే కిటికీలోంచి ఒక తలకాయ బయటికొచ్చింది.

"ఒసే మంగా! అదేటే నీ సేతిలో?"

"గేరు!" అని అరిచింది మంగాయమ్మ, వెనక్కి తిరక్కుండా.

బస్సులో ఉన్నవాళ్ళందరూ ఒకవైపుకి వచ్చేశారు. కండక్టరు గోలపెట్టాడు. బంగార్రాజు గారు చోడవరం చేరేసరికి బండి చుట్టూ ఊరు మూగి ఉంది. అందరూ వంగి వంగి మీటరు చూస్తున్నారు. యెహోషువ తల దించుకున్నాడు. బంగార్రాజు గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఎవరూ అడగకముందే, "యాభై మూడు వేలు! ఒక్క తిప్పుకి స్టార్టవుతాది, సూపించరా యెహోషువా" అన్నారు.

ఆ వారమంతా యెహోషువ గేరుపెట్టె విప్పుకుని కూర్చున్నాడు. లోపల ఒక స్ప్రింగు మెత్తబడిపోయింది, గాడి ఒకటి అరిగింది. విశాఖపట్నంలో సరుకు దొరకలేదు. పాత బస్సు స్ప్రింగు కోసి, ఆకురాయితో రాసి, మూడుసార్లు బిగించి విప్పి, నాలుగోసారి సరిపెట్టాడు. గేరు నిలబడింది. మంగాయమ్మ మాత్రం, "అయితే ఇంక నాకు పనేటి లేదన్నమాట" అంది. మర్నాడే తనకీ నడపడం నేర్పమని అడిగింది.

బంగార్రాజు గారు బెల్లం వండే కళ్ళం దగ్గర, చెరకుపిప్పి ఆరబోసే చోట నేర్చుకున్నారు. రెండుసార్లు పిప్పిగుట్టలోకి దూసుకుపోయారు. బండికి ఏమీ కాలేదు, ఆయనకే మీసాల నిండా పిప్పి. మంగాయమ్మ ఒక్కసారి కూడా దేన్నీ గుద్దలేదు. ఆ మాట ఆవిడ చాలా ఏళ్ళు చెప్పుకుంది. రోడ్డు మీద మాత్రం ఆయనే నడిపేవారు, వెనకటి గుర్రం మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని.

తర్వాత యెహోషువ షెడ్డుకి జనం ఎక్కువయ్యారు. పాత ఆయిలింజను కొనేవాళ్ళూ, మోటారు పంపు కొనేవాళ్ళూ, ఒకసారి కుట్టుమిషను కొనేవాళ్ళు కూడా అతన్ని పిలిచేవారు. వెళ్ళేవాడు. ముందు చుట్టూ తిరిగి అడుగుభాగం చూసేవాడు, ఇంట్లో ఆడవాళ్ళని పిలిచి ఇది చూసి ఏమనిపిస్తోందని అడిగేవాడు. చప్పుడు వినడం అన్నిటికంటే చివర.

ఆ ఏడు తొలకరిలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, యెహోషువా వరమ్మా చర్చి మెట్లు దిగుతుంటే ఎదురుగా ఆకుపచ్చ బండి నిలబడి ఉంది. బంగార్రాజు గారు తాళంచెవి చేతిలో పెట్టారు.

"పొద్దుగూకేదాకా మీది. నాకు ఈయేల పనుంది" అన్నారు. ఆయనకి పనేమీ లేదని అందరికీ తెలుసు.

"వద్దు బాబూ, ఏటైనా అయితే..."

"అయితే బాగుసేసేది నువ్వే కదరా" అని ఆయన నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

వరమ్మ తెల్లచీర కుచ్చిళ్ళు జాగ్రత్తగా ఎత్తుకుని ఎక్కింది. మాడుగుల దాకా వెళ్ళి హల్వా కొనుక్కున్నారు. తిరిగొస్తుంటే కొండల వైపు నుంచి వాన తరుముకొచ్చింది. గుడ్డ టాపు వెయ్యబోతే ఒకవైపు కడ్డీ ఇరుక్కుని రాలేదు. యెహోషువ దిగి లాగుతుంటే, "ఉంచెయ్యి, ఎలాగూ తడిసేం" అంది వరమ్మ. హల్వా పొట్లాన్ని చెంగులో చుట్టి ఒళ్ళో దాచుకుంది. అతను మళ్ళీ ఎక్కి, నల్లపుస్తకంలో రాయడానికి మీటరులో అంకె చూసి మనసులో పెట్టుకుని, బండి ముందుకి పోనిచ్చాడు. వానచినుకులు అద్దం మీద కాదు, తిన్నగా మొహాలమీదే పడుతున్నాయి.

"ఇంకొంచెం జోరుగా పోనీ" అంది వరమ్మ.